స్టెంట్ తెరిచేది ఒక్కచోటే: ఇంటికి వచ్చాక సాగాల్సిన గుండె వైద్యం

సారాంశం

స్టెంట్ అనే చిన్న లోహపు జాలీ గొట్టం ఒక రక్తనాళంలో ఒక ఇరుకును తెరుస్తుంది. కొవ్వు పేరుకునే జబ్బు మాత్రం మిగతా నాళాల గోడల్లో అలాగే ఉంటుంది. రెండో గుండెపోటును ఆపేది రోజూ వేసుకునే మాత్రలు, అదుపులో ఉన్న బీపీ, పొగ మానేయడం, క్రమం తప్పని నడక. ఏ మాత్ర ఎందుకిస్తారు, మధ్యలో ఆపితే ఏం జరుగుతుంది, మళ్ళీ నొప్పి వస్తే మొదటి నిమిషాల్లో ఏం చేయాలి, కుటుంబంలో ఇంకెవరు పరీక్షలు చేయించుకోవాలి అన్నవి ఈ వ్యాసం వివరిస్తుంది.

కొవ్వు పేరుకునేది గోడ లోపల

నాళాన్ని బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేసే యాంజియోప్లాస్టీ తర్వాత రోగికి ఇచ్చే కాగితాల్లో రెండు బొమ్మలు ఉంటాయి. మొదటిదాంట్లో నాళం నొక్కుకుపోయి కనిపిస్తుంది, రెండోదాంట్లో రక్తం ధారాళంగా పారుతూ ఉంటుంది. "90 శాతం బ్లాక్ ఉండేది, ఇప్పుడు లేదు" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరట సహజమే. కానీ ఆ బొమ్మలను చూసినవారు జబ్బును నీళ్ళ గొట్టంలో పేరుకున్న మట్టిలా ఊహించుకుంటారు. మట్టి తీసేస్తే గొట్టం బాగుపడుతుంది. గుండె రక్తనాళాల విషయంలో అలా జరగదు. చాలామంది మాత్రలు మధ్యలో మానేయడానికి మూలం ఈ ఊహలోనే ఉంది.

రక్తనాళానికి లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన పల్చని పొర ఉంటుంది. ఎక్కువ బీపీ, పొగ, షుగర్ ఆ పొరను ఏళ్ళ తరబడి దెబ్బతీస్తాయి. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ రేణువులు ఆ పొర దాటి గోడలోకి దిగి చిక్కుకుపోతాయి. వాటిని మింగేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు కొవ్వుతో నిండిపోయి అక్కడే చనిపోతాయి. ఇలా తయారైన మెత్తని ముద్ద మీద శరీరం పీచులాంటి పొరను కప్పుతుంది.

ఈ ముద్ద పెరిగేకొద్దీ నాళం మొదట బయటివైపుకు ఉబ్బుతుంది, రక్తం పారే దారి ఇరుకవదు. గోడలో కొవ్వు దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా దారి వెడల్పు పెద్దగా తగ్గదని గ్లాగోవ్ అనే వైద్య పరిశోధకుడి బృందం 1987లో చూపింది. నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేతో చూసే యాంజియోగ్రామ్‌లో కనిపించేది ఆ దారి మాత్రమే. అందుకే అందులో "నార్మల్"గా ఉన్న భాగంలో కూడా గోడ లోపల జబ్బు ఉండవచ్చు.

గుండెపోటు చాలాసార్లు మొదలయ్యేది ఆ పీచుపొర చిట్లినప్పుడు. లోపలి కొవ్వు రక్తానికి తగలగానే, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు గుమిగూడి, నిమిషాల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. చిట్లిన చోట అంతకుముందు ఇరుకు సగం కూడా లేని సందర్భాలు చాలా ఉన్నాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్న వ్యక్తికి నెల తిరక్కుండా గుండెపోటు రావడం వెనుక ఉన్న కారణం ఇదే. నడిచేటప్పుడు రక్తం చాలనంతగా దారి ఇరుకైతేనే ట్రెడ్‌మిల్ పట్టుకుంటుంది. ఇరుకు తక్కువగా ఉండి, పీచుపొర పల్చబడిన చోటు ఆ పరీక్షకు కనిపించదు.

స్టెంట్ ఎప్పుడు ప్రాణం నిలుపుతుంది

1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మొదటిసారి గుండె నాళాన్ని బెలూన్‌తో తెరిచారు. బెలూన్ ఒక్కదానితో తెరిచిన నాళాల్లో సుమారు మూడోవంతు కొన్ని నెలల్లోనే మళ్ళీ ఇరుకయ్యేవి. ఆ ఇబ్బందిని తగ్గించడానికి 1986లో లోహపు జాలీ వచ్చింది, 2000 తర్వాతి ఏళ్ళలో మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. ఈ పరికరాలన్నీ తెరిచిన చోటు మళ్ళీ మూసుకుపోకుండా చూస్తాయి. పక్క నాళం గోడ మీద వాటి ప్రభావం ఉండదు.

గుండెపోటు నడుస్తున్నప్పుడు స్టెంట్ విలువకు సాటి లేదు. నాళం పూర్తిగా మూసుకుపోతే దాని వెనకాల ఉన్న గుండె కండరం గంట గంటకూ చచ్చిపోతూ ఉంటుంది. రోగి ఆసుపత్రి గుమ్మం తొక్కిన 90 నిమిషాల్లోగా నాళం తెరవాలన్న లక్ష్యం అందుకే పెట్టుకున్నారు. ఆ సదుపాయం అందుబాటులో లేని చోట గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అది మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటాక ప్రయోజనం దాదాపు ఉండదు.

మెట్లెక్కితే నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోయే స్థిరమైన ఆంజైనా లెక్క వేరు. 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో ఇలాంటి 2,287 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందులు మాత్రమే, ఇంకో జట్టుకు మందులతో పాటు స్టెంట్ కూడా ఇచ్చారు. మరణాల్లోనూ గుండెపోట్లలోనూ రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిలో దాదాపు అదే మాట చెప్పింది. నొప్పి మాత్రం స్టెంట్ లేదా బైపాస్ చేయించుకున్నవారిలో ఎక్కువ తగ్గింది. ఎడమవైపు ప్రధాన నాళంలో పెద్ద ఇరుకు ఉన్నవారు, గుండె పంపింగ్ బాగా తగ్గినవారు ఇస్కీమియాలో లేరు కాబట్టి ఆ ఫలితం వారికి వర్తించదు.

అత్యవసరం కాని పరిస్థితిలో స్టెంట్ మాట వచ్చినప్పుడు కుటుంబం డాక్టరును అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: "ఇది ప్రాణాపాయం తగ్గించడానికా, నొప్పి తగ్గించడానికా?" రెండూ న్యాయమైన కారణాలే. జవాబు తెలిస్తే నిర్ణయానికి ఎంత తొందర అవసరమో తెలుస్తుంది. ఆ రెండు అధ్యయనాల్లోనూ రెండు జట్లూ మాత్రలు గట్టిగా వాడాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే జంట మాత్రలు

స్టెంట్ లోహం రక్తానికి పరాయి వస్తువు. దాని మీద నాళపు లోపలి పొర కొత్తగా పెరిగి కప్పేసేదాకా ప్లేట్‌లెట్లు దానికి అతుక్కుని గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకని రెండు మాత్రలు ఇస్తారు. ఒకటి రోజుకు 75 నుంచి 100 మి.గ్రా. ఆస్పిరిన్. రెండోది క్లోపిడోగ్రెల్ 75 మి.గ్రా. రోజుకొకసారి, లేదా ప్రాసుగ్రెల్ 10 మి.గ్రా. రోజుకొకసారి, లేదా టికాగ్రెలార్ 90 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే దారులు వేర్వేరు కాబట్టి ఒక మాత్ర ఒక దారిని, ఇంకోటి రెండో దారిని మూస్తుంది. ఒకటి చాలదా అన్న సందేహానికి జవాబు ఇదే.

గుండెపోటు తర్వాత ఈ జంట సాధారణంగా 12 నెలలు, స్థిరమైన ఆంజైనాకు వేసిన స్టెంట్ తర్వాత 6 నెలలు నడుస్తుంది. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవారికి డాక్టరు గడువు తగ్గిస్తారు. ఆ తర్వాత వాటిలో ఒకటి, ఎక్కువగా ఆస్పిరిన్, జీవితాంతం కొనసాగుతుంది. గడువు పూర్తికాకముందే మానేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు. ఇది అరుదు. జరిగితే మాత్రం ప్రాణం మీదికి తెచ్చే పెద్ద గుండెపోటవుతుంది.

మానేయడం చాలాసార్లు చిన్న కారణాలతోనే జరుగుతుంది. పన్ను తీయించుకోవడానికి ముందు ఎవరో ఆపమంటారు. మామూలుగా పన్ను తీయడానికి ఈ మాత్రలు ఆపనక్కర్లేదు, రక్తాన్ని అక్కడికక్కడ ఆపే పద్ధతులు దంతవైద్యుల దగ్గర ఉన్నాయి. ఇంకే ఆపరేషనైనా ముందు గుండె డాక్టరుతో మాట్లాడి తేదీ ఖరారు చేసుకోవాలి. ప్రయాణంలో మాత్రలు అయిపోవడం ఇంకో కారణం. టికాగ్రెలార్ వాడేవారు సాయంత్రం మాత్ర మరిచిపోకూడదు. దాని ప్రభావం క్లోపిడోగ్రెల్‌లా రోజుల తరబడి నిలవదు, అందుకే రోజుకు రెండుసార్లు ఇస్తారు. అదే మందు కొందరిలో ఆయాసంలాంటి ఇబ్బంది కలిగిస్తుంది. గుండె మళ్ళీ పాడైందేమోనని హడలిపోయి తమంతట తామే మానేసేవారున్నారు. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పాలి, ఆయాసానికి మరో కారణం లేదని తేలితే ఆయన వేరే మాత్రకు మారుస్తారు.

ఒళ్ళునొప్పులకు ఇబుప్రోఫెన్ వేసుకునే అలవాటు ఇక్కడ చేటు చేస్తుంది. ఆస్పిరిన్ పనిచేయాల్సిన చోటును అది ముందే ఆక్రమిస్తుంది, పైగా కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతుంది. చాలామందికి పారాసెటమాల్ మేలు. కడుపులో మంటకు మాత్ర అవసరమైతే, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్ బదులు పాంటోప్రజోల్ రాస్తారు, ఎందుకంటే ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్‌ను చురుకైన మందుగా మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం మామూలే. నల్లగా తారులాంటి విరేచనం, రక్తపు వాంతి, ఆగని ముక్కు రక్తం అలా కాదు. వాటికి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ మాత్ర ఆపాలో అక్కడే నిర్ణయిస్తారు.

కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని మాత్ర మానేస్తే

ఎక్కువమంది తడబడేది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర దగ్గరే. మూడు నెలలకు పరీక్ష చేయిస్తారు, ఎల్‌డీఎల్ తగ్గి ఉంటుంది, "ఇక అవసరం లేదు" అనుకుంటారు. ఆ అంకె తగ్గింది మాత్ర వల్ల. మానేసిన కొన్ని వారాలకే కాలేయం పాత పద్ధతిలో పనిచేసి ఎల్‌డీఎల్ మునుపటి చోటికి చేరుతుంది.

ల్యాబ్ రిపోర్టు పక్కన ముద్రించే "నార్మల్" హద్దు కూడా దారి తప్పిస్తుంది. అది జబ్బు లేనివారి కోసం వేసిన హద్దు. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 55 మి.గ్రా. కన్నా తక్కువ ఉండాలని, మొదటి అంకె నుంచి కనీసం సగం తగ్గాలని యూరప్ గుండె వైద్య సంఘం 2019 మార్గదర్శకాలు చెప్పాయి. 95 ఉన్న రోగి రిపోర్టులో ఎర్ర గుర్తు ఉండదు. అయినా ఆ రోగికి అది ఎక్కువే.

ఇంత తగ్గించడం వెనుక బలమైన ఆధారం ఉంది. 1994లో వెలువడిన స్కాండినేవియా సిమ్వాస్టాటిన్ అధ్యయనంలో గుండె జబ్బున్న 4,444 మందిని గమనించారు. మాత్ర వేసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. తర్వాత అనేక అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 మి.గ్రా. తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు ఐదోవంతుకు పైగా తగ్గుతున్నట్టు తేలింది. స్టాటిన్ వల్ల గోడలోని కొవ్వు ముద్ద పెద్దగా కుంచించుకుపోదు. కానీ లోపలి వాపు తగ్గి, పైనున్న పీచుపొర మందమెక్కి, చిట్లే గుణం తగ్గుతుంది. యాంజియోగ్రామ్ బొమ్మ దాదాపు మారకుండానే ప్రమాదం తగ్గడానికి కారణం అదే.

గుండెపోటు తర్వాత సాధారణంగా అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 మి.గ్రా., లేదా రోసువాస్టాటిన్ 20 నుంచి 40 మి.గ్రా. ఇస్తారు. డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అందుకే లక్ష్యం అందనప్పుడు డోసు పెంచుతూ పోకుండా ఎజెటిమైబ్ 10 మి.గ్రా. జోడిస్తారు, దానితో ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. మందు మొదలుపెట్టినా మార్చినా 4 నుంచి 12 వారాల్లో పరీక్ష మళ్ళీ చేయించాలి.

కండరాల నొప్పి భయం చాలా ఎక్కువ. నొప్పి నిజమే, కారణం మాత్రం ప్రతిసారీ మందు కాదు. దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందితో చేసిన శామ్‌సన్ అధ్యయనంలో ఒక్కొక్కరికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. అలాగని రోగి బాధను కొట్టిపారేయకూడదు. తీవ్రమైన నొప్పి, నీరసం, ముదురు గోధుమ రంగు మూత్రం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలిసి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే రక్త పరీక్ష చేయించాలి. తేలికపాటి నొప్పులకు డోసు తగ్గించడం, స్టాటిన్ రకం మార్చడం వంటి దారులు ఉన్నాయి.

బీపీ కొలిచే తీరులోనే తేడా

ఇంట్లో బీపీ చూసుకునేవారి పుస్తకంలో ఒకరోజు 152, మరునాడు 124 కనిపిస్తాయి. మెషిన్ పాడైందనుకుంటారు. తప్పు ఎక్కువగా కొలిచే తీరులో ఉంటుంది.

కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు కూర్చోవాలి. చేతిని బల్ల మీద ఉంచితే చేతికి చుట్టే పట్టీ (కఫ్) గుండె ఎత్తులోకి వస్తుంది. చేయి కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. కఫ్ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. కొలుస్తుండగా మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి.

డాక్టరును కలవబోయే ముందు వారం రోజులు ఉదయం మాత్రలకు ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలా కొలిచి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే చికిత్స మార్చడానికి పనికొచ్చే సమాచారం అవుతుంది. ఆసుపత్రిలో 140/90 అన్న హద్దుకు ఇంట్లో 135/85 సమానం. గుండె జబ్బున్నవారికి, తట్టుకోగలిగితే, 130/80 లోపు లక్ష్యంగా పెట్టుకుంటారు. లేవగానే కళ్ళు తిరుగుతుంటే నిలబడి కూడా ఒకసారి కొలిచి ఆ అంకె చూపించాలి.

బీపీ మాత్రల్లో ఏసీఈ నిరోధకాలు కొందరికి పొడిదగ్గు తెస్తాయి. దగ్గు మందులతో నెలలు గడపనక్కర్లేదు, ఏఆర్‌బీ అనే మరో రకం బీపీ మాత్రకు మారిస్తే పోతుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, గుండె వేగం ఎగదన్ని నొప్పి తిరగబెట్టవచ్చు.

ఉప్పు, పొగ, నడక

రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు, అంటే ఒక టీస్పూను కన్నా తక్కువ. వంటలో వేసేదే కాక, ప్యాకెట్ ఆహారంలో ఉన్నది కూడా ఈ లెక్కలోకి వస్తుంది. లేబుల్ మీద సోడియం అని రాస్తే దాన్ని 2.5తో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది.

పొగ విషయంలో "తగ్గించాను" అన్న మాటకు గుండె దగ్గర విలువ తక్కువ. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవారికి పెరిగే గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో వచ్చిన విశ్లేషణ చూపింది. ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టడానికి కొద్దిపాటి పొగ చాలు. పూర్తిగా మానేసినవారిలో మరణం ముప్పు మూడోవంతుకు పైగా తగ్గుతుంది. ఏ మాత్రతో పోల్చినా ఇది పెద్ద లాభం. ఇంట్లో వేరొకరు తాగే పొగ కూడా రోగిని తాకుతుంది కాబట్టి ఇది ఇంటి మొత్తం నిర్ణయం కావాలి.

నడక ఎంత అన్నదానికి వారానికి 150 నిమిషాలు లక్ష్యం. గుండెపోటు తర్వాత డాక్టరు అనుమతితో సమతలం మీద 5, 10 నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి సరిపడితే కొద్ది కొద్దిగా పెంచాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. భోజనం చేసిన వెంటనే వద్దు. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం వస్తే అక్కడితో ఆపాలి.

గుండెపోటు తర్వాత సుమారు ఐదుగురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, మాత్రల మీద విసుగు రెండు వారాలు దాటితే దాన్ని నీరసం కింద జమకట్టకుండా డాక్టరుకు చెప్పాలి. దానికి చికిత్స ఉంది. మందులు క్రమంగా వేసుకోగలగడం కూడా దాని మీద ఆధారపడి ఉంటుంది.

మళ్ళీ నొప్పి వస్తే

ఛాతీ మధ్యలో బరువు, పిండేసినట్టుండటం, అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం, చల్లని చెమటలు అందరికీ తెలిసిన లక్షణాలే. ఆడవారిలో, వృద్ధుల్లో, షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, అంతులేని నీరసం మాత్రమే రావచ్చు. దాన్ని గ్యాస్ అనుకుని గంటలు గడిపేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

డాక్టరు ముందే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర రాసి ఇచ్చి ఉంటే, కూర్చుని పెట్టుకోవాలి. బీపీ పడిపోతుంది కాబట్టి నిలబడి వేసుకుంటే స్పృహ తప్పవచ్చు. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోయినా, పెరిగినా అంబులెన్స్ పిలవాలి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు దాటకుండా ఈ మాత్ర వాడకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. చెప్పడానికి సిగ్గుపడే విషయమైనా అత్యవసర సిబ్బందికి చెప్పి తీరాలి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ రకమైన నైట్రోగ్లిజరిన్ మాత్రలను వాటి గాజు సీసాలోనే ఉంచాలి. వేడికీ వెలుతురుకీ పెడితే, రోజువారీ మాత్రల డబ్బాలో వేస్తే బలం పోతుంది.

అంబులెన్స్ వచ్చేలోగా, అలర్జీ గానీ ఇటీవలి రక్తస్రావం గానీ లేకపోతే, 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగమని అత్యవసర సిబ్బంది చెబుతారు. నమిలితే త్వరగా పనిచేస్తుంది. రోగి స్వయంగా బండి నడపకూడదు. ఆసుపత్రిలో 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన ఇంటికి వచ్చేయకూడదు. గుండె కండరం దెబ్బతింటే వెలువడే ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, కొన్ని గంటల తేడాతో మళ్ళీ చూస్తారు.

రోగి కుప్పకూలి, పలకకుండా, ఊపిరి సరిగా తీయకపోతే ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఒకరు నొక్కుతుండగా మరొకరు అంబులెన్స్ పిలవాలి. ఇంట్లో కనీసం ఇద్దరు దీన్ని బొమ్మ మీద సాధన చేసి ఉండటం మంచిది, చదివి తెలుసుకున్నది ఆ నిమిషంలో చేతికి రాదు.

పంపింగ్ తగ్గినవారి బరువు

గుండెపోటులో కండరం ఎక్కువ దెబ్బతింటే ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్ళ వాపు కన్నా ముందే బరువు చెబుతుంది. రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మీద చూసి రాయాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచుకోవాల్సి రావడం కూడా అదే హెచ్చరిక. వీరు నొప్పి మాత్రల్లో ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివాటికి దూరంగా ఉండాలి, అవి మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచేలా చేస్తాయి.

ఇంట్లో మిగతావారి సంగతి

2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మొదటి గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది అంశాల నుంచే వస్తోందని తేల్చింది. కొలెస్ట్రాల్ తేడాలు, పొగ, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాట్లు. వీటిలో చాలావరకు ఒకే ఇంట్లోవారు పంచుకునేవే.

వారసత్వంగా వచ్చేవీ ఉన్నాయి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 ఏళ్ళలోపు గుండె జబ్బు వస్తే మిగతావారి ముప్పు పెరుగుతుంది. అలాంటి ఇంట్లో పెద్దవారంతా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఎల్‌డీఎల్‌ను పోలిన ఒక కొవ్వు రేణువును కొలిచే ఎల్‌పీ-ఏ అనే రక్త పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది, ఎందుకంటే దాని అంకెను ఎక్కువగా జన్యువులే నిర్ణయిస్తాయి, తిండితో పెద్దగా మారదు. 50 మి.గ్రా. దాటితే మిగతా ముప్పులను మరింత గట్టిగా అదుపు చేస్తారు.

మందులు వాడనప్పుడు ఎల్‌డీఎల్ 190 మి.గ్రా. దాటిన పెద్దవారిలో కుటుంబంలో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బును అనుమానించాలి. ఇది 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది, సన్నగా చురుగ్గా ఉన్నవారిలోనూ ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఈ పిల్లల్లో ఎల్‌డీఎల్ పుట్టుక నుంచే ఎక్కువగా ఉంటుంది కాబట్టి నాళాల గోడల్లో కొవ్వు చేరడం కూడా చిన్నతనంలోనే మొదలవుతుంది. అందుకే వారికి పదేళ్ళ వయసులోపే రక్త పరీక్ష చేయించి, జబ్బు ఉందని తేలితే 8 నుంచి 10 ఏళ్ళ మధ్య పిల్లల వైద్యుల పర్యవేక్షణలో స్టాటిన్ మొదలుపెట్టమని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.